అత్త తప్పులు

ఆ రోజుల్లో కంప్యూటరు నేర్చినవాడికి తీగ ఉన్న ప్రతి వస్తువూ లొంగుతుందని మా వట్లూరులో గట్టి నమ్మకం. చర్చిలో మైకు కూసినా, క్రిస్మస్ నక్షత్రంలో బల్బు మాడినా, ఎవరింట్లో మిక్సీ తిరగకపోయినా నాకే కబురొచ్చేది. నేను చదివింది బీయస్సీ కంప్యూటర్స్. చేసే పని రోజూ పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పడం. మిక్సీ గురించి నాకెంత తెలుసో, నా గురించి మిక్సీకీ అంతే తెలుసు. అయినా "నాకు రాదండీ" అనే మాట ఇరవై రెండేళ్ళ వయసులో నోటికి రాదు. (ఇప్పుడు చక్కగా వస్తుంది, మా ఆవిడ్ని అడగండి.)

మా మేనత్త, అంటే నాన్నకి అక్క, బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయింది. ముప్పై ఏళ్ళుగా మా చర్చిలో వాయిద్యం ఆవిడదే. మొదట్లో హార్మోనియం, తరవాత సంఘంవాళ్ళు సింథసైజరు కొంటే అదీ ఆవిడ చేతికే వచ్చింది. అందులో ఉన్న వందల రకాల శబ్దాల్లో ఒక్క ఆర్గన్ తప్ప దేన్నీ ముట్టుకోలేదు. "మిగతావన్నీ పెళ్ళిళ్ళకిరా" అనేది. ఇన్నేళ్ళలో ఒక్క క్రిస్మస్ తప్పలేదు. అలాంటిది ఆ ఏడాది నవంబరులో కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయిందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ, ఆ తరవాత రెండు నెలలు వేళ్ళకి పని చెప్పకూడదనీ ఏలూరు డాక్టరు తేల్చేశాడు. అత్త ఏడవలేదు. పాస్టరు అయ్యగారితో "ఈ క్రిస్మస్‌కి వాయిద్యం లేకుండా పాడుకోవాలండీ" అని చెప్పి, సింథసైజరు మీద గుడ్డ కప్పింది. అంచులు సరిచేసి, మళ్ళీ ఇంకోసారి సరిచేసింది. అది చూసి అక్కడికక్కడే "అత్తా, ఆపరేషన్‌కి ఇంకా పది రోజులుంది. మీ వాయింపంతా కంప్యూటర్లోకి ఎక్కించేస్తాను. క్రిస్మస్ రోజు మీరు ముందు బెంచీలో కూర్చుని వినండి" అనేశాను.

"టేపులో ఎక్కిస్తే సరిపోద్ది కదరా" అన్నాడు బాబాయి. బాబాయి కొల్లేటికోట దగ్గర చేపల చెరువులు చూసేవాడు. నేను జాలిగా నవ్వాను. టేపులో పాటతోపాటు ఫ్యాను మోత, వీధిలో కుక్కలు కూడా పడతాయనీ, పైగా సంఘానికి శ్రుతి అందకపోతే టేపు దిగి రాదనీ, కంప్యూటర్లో అయితే ఒక్క నొక్కుతో శ్రుతి దించెయ్యొచ్చనీ ఉపన్యాసమిచ్చాను. ఇదంతా ఒక పుస్తకంలో చదివిందే. చేసిందెప్పుడూ లేదు. బాబాయి "అలాగా" అని ఊరుకున్నాడు. ఆయన "అలాగా" అన్నాడంటే నమ్మలేదని అర్థం.

సింథసైజరుని మా ఇంటికి తెచ్చాం. దాన్ని కంప్యూటరుకి కలిపే మిడి తీగని విజయవాడ వెళ్ళే మా ఇన్‌స్టిట్యూట్ సారు చేత తెప్పించాను. ఆ తీగకి ఒక కొస కంప్యూటరుకి గుచ్చేది. రెండో కొస రెండు తోకలుగా చీలి ఉంటుంది. ఒక తోక మీద ఇన్ అనీ, రెండోదాని మీద ఔట్ అనీ రాసి ఉంది. సింథసైజరు వెనకా గుండ్రటి రంధ్రాలు రెండు, వాటి మీదా ఇన్, ఔట్ అనే ఉంది. బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? ఇన్‌ని ఇన్‌లో, ఔట్‌ని ఔట్‌లో పెడతాడు. నేనూ అదే చేసి, అత్తని కూర్చోబెట్టాను. ఆవిడ ఒక కీర్తన పూర్తిగా వాయించింది. తెర మీద ఈగ కూడా వాలలేదు.

అక్కడ మొదలైంది నా పట్టుదల. సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను. విండోసే తీసి మళ్ళీ వేశాను, అదీ రెండుసార్లు. ఆ ఊపులో మా చెల్లి ఓణీల ఫంక్షన్ ఫొటోలన్నీ పోయాయి. (ఆ సంగతి తనకి ఇది చదివితేనే తెలుస్తుంది.) తాడేపల్లిగూడెంలో పగలంతా "కంప్యూటరు పనిచెయ్యకపోతే ముందు కనెక్షన్లు చూసుకోవాలి" అని పిల్లల చేత రాయించి, సాయంత్రం ఇంటికొచ్చి కనెక్షన్లు తప్ప అన్నీ చూసేవాణ్ణి. అత్త రోజూ ఐదింటికి వచ్చి, నొప్పి చేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడు వాయించనా?" అని అడిగేది. ఏడు రోజులు అలాగే గడిచాయి. మిగిలింది మూడు రోజులు. వాయించిన ప్రతిసారీ ఆవిడ పళ్ళు బిగబట్టడం నేను చూస్తూనే ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎనిమిదో రోజు బాబాయి అక్కగారి కోసం కొరమీను పట్టుకొచ్చి, సింథసైజరు వెనక వంగి చూశాడు.

"ఏరా, ఔట్‌ని ఔట్‌లో పెట్టావేంటి?"

"పేర్లు చూసి పెట్టాను బాబాయ్. మీకు తెలీదులెండి."

"మా మోటారు మీదా ఈ అక్షరాలే ఉంటాయిలే. నా చెరువులో నీళ్ళు బయటికెళ్ళే తూముని తీసుకెళ్ళి పక్క చెరువులో నీళ్ళు బయటికెళ్ళే తూముకి ఎదురు పెడితే నీళ్ళెటెళ్తాయిరా? దీని ఔట్ దాని ఇన్‌కి వెళ్ళొద్దూ?"

తోకలు రెండూ మార్చి పెట్టాను. అత్త ఒక్క మీట నొక్కింది. తెర మీద చిన్న నీలం కడ్డీ పడింది. నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకి వంటింట్లో అమ్మ గిన్నె వదిలేసింది.

ఆ సాయంత్రమూ మర్నాడూ కలిపి అత్త నాలుగు కీర్తనలు వాయించింది. తెర నిండా కడ్డీలు. "గీతలు పడ్డాయి సరే, పాటేదిరా?" అంది. ఇందులో పడేది శబ్దం కాదనీ, మీరు ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కారో అదంతా రాసుకుంటుందనీ చెప్పి, తిరిగి సింథసైజరు మీదికే వదిలాను. ఎవరి చెయ్యీ తగలకుండా అది అత్తలాగే వాయించడం మొదలెట్టింది. అత్త చేతులు వెనక్కి లాక్కుని, కాసేపు విని, "స్తోత్రం" అంది. కళ్ళు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యే వాడింది. ఆ మూడో రోజే ఆస్పత్రిలో చేరింది.

కథ అక్కడితో అయిపోతే నేను గొప్పవాణ్ణే. కానీ ఆ కడ్డీలని తీరిగ్గా చూస్తే, ప్రతి పాదం చివర అత్త కొంచెం ఆగుతోంది. లెక్కల టీచరుకి తాళం లెక్క తప్పడమేమిటని బాధపడి, పాపం వయసైపోయిందిలే అనుకుని, ఆ ఖాళీలన్నీ మూసేశాను. రెండు ఆదివారాలు మౌసు పట్టుకుని ఒక్కో కడ్డీని గీత మీదికి లాగాను. పాత ఫైళ్ళు మాత్రం పారెయ్యబుద్ధి కాక "అత్త తప్పులు" అని పేరు పెట్టి ఒక మూల దాచాను.

సింథసైజరునీ సీపీయూనీ ముందు రోజే చర్చికి చేర్చి, క్రిస్మస్ పొద్దున్న మానిటరుకి దుప్పటి చుట్టి, బాబాయి మోపెడ్ మీద చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని చర్చికి తీసుకెళ్ళాను. అత్త కట్టు కట్టిన చేత్తో ముందు బెంచీలో కూర్చుంది. అయ్యగారు నా వైపు చూసి తలూపారు. నేను నొక్కాను. మొదటి పాదం బాగానే నడిచింది. రెండో పాదానికి వెనక బెంచీలో పెద్దవాళ్ళు అర అడుగు వెనకబడ్డారు. మొదటి చరణం అయ్యేసరికి వాయిద్యం పల్లవిలో ఉంది, ఆడవాళ్ళు చరణంలో ఉన్నారు, అయ్యగారు రెండింటికీ మధ్య ఎక్కడో ఉన్నారు. ఎవరికో దగ్గు తెర వచ్చింది. అత్త లేచి నా దగ్గరికొచ్చింది.

"ఆపు. నేను ఆగిన చోట్లన్నీ ఏం చేశావురా?"

"తప్పులని తీసేశానత్తా."

"తప్పులేంట్రా! వెనక బెంచీలో వాళ్ళు ఊపిరి పీల్చుకోవద్దూ? వాళ్ళు గాలి తీసుకున్నాక కదా నేను రెండో పాదం ఎత్తుకునేది!"

చెవులు ఎర్రబడగా, అంతమంది ముందు "అత్త తప్పులు" అనే ఫైళ్ళలో మొదటిది తెరిచాను. ఆ పేరు తెర మీద అత్త కూడా చదివింది. వెళ్ళి తన బెంచీలో కూర్చుంది. ఈసారి పాదం చివర వాయిద్యం ఆగింది, చర్చంతా ఒక్కసారి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది, అందరూ కలిసి రెండో పాదం ఎత్తుకున్నారు. ముప్పై ఏళ్ళ లెక్కలో ఆ క్రిస్మస్ కూడా తప్పలేదు.

చెయ్యి బాగయ్యాక అత్త ఇంకా చాలా ఏళ్ళు వాయించింది. ఇప్పుడు లేదు. అయినా మా చర్చిలో క్రిస్మస్ మొదటి కీర్తనకి ఇప్పటికీ ఆ ఫైలే పెడతాం. కంప్యూటర్లు ఎన్ని మారినా దాని పేరు మాత్రం మార్చలేదు. నొక్కే పని క్వయరు పిల్లలు చూసుకుంటున్నారు. నాకు పొట్టొచ్చింది, మెట్లెక్కితే ఆయాసం, అందుకని గుమ్మం పక్కన వెనక బెంచీలో కూర్చుంటున్నాను. పాదం చివరికొచ్చేసరికి నాకు ఊపిరి చాలదు. అత్త ఆగుతుంది.