సుగుణ ఆంటీకి చెప్పిన రుచి

ఓవెన్‌లో టర్కీ కోడి ఎముకలు ఎర్రగా వేగుతున్నాయి. ఆ కమ్మటి వాసన ఉల్లిపాయ వాసనతో కలిసి మెల్లగా ఇల్లంతా పరుచుకుంటోంది. కిటికీ అద్దానికి ఆవిరి పట్టి, బయటి మేపుల్ చెట్టు ఎర్రటి మరకలా కనిపిస్తోంది. అక్టోబరులో ఈ వాసన తగిలితే చాలు, నేను కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్లోని ఒక వృద్ధాశ్రమం వంటగదిలోకి వెళ్లిపోతాను. అక్కడ పొయ్యి ముందు సుగుణ ఆంటీ నిలబడి ఉంటుంది.

ఆ వంటగదికి ఆవిడే పెద్ద. తెనాలి దగ్గరి మనిషి, కెనడా వచ్చి ముప్ఫై ఏళ్లు. నేనేమో జనగామ నుంచి చదువుకోవడానికి వచ్చి, నలుగురు అమ్మాయిలతో ఒక బేస్‌మెంట్‌లో సర్దుకుంటూ, పార్ట్‌టైమ్ పని కోసం కనిపించిన తలుపల్లా తడుతున్నాను. ఊళ్లో ఎక్కడ చూసినా నాలాంటి విద్యార్థులే. ఆవిడ నా రెజ్యూమే చూడనే లేదు. "ఉల్లిపాయ కొయ్యి, చూద్దాం," అంది. కోశాను, చేరిపోయాను.

మా ఇద్దరికీ పడనిది ఒక్కటే. మా ఇంట్లో వండేవాళ్లు రుచి చూడరు. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదని మా నానమ్మ పట్టు. ఉప్పు చేతికి తెలియాలి, ఉడుకు చెవికి తెలియాలి.

"రుచి చూడకుండా వంటేంటమ్మాయ్?" అంటూ ఆంటీ చెంచా చాచేది.

"మా ఇంట్ల ఎవరం చూడం ఆంటీ. వాసనతోనే తెలుస్తది."

"ఇక్కడ తినేది డెబ్బై మంది ముసలివాళ్లు, మీ దేవుడు కాదు. కొత్త చెంచా తీసుకుని చూడు."

నేను చెంచాను పెదవులకు తాకించి చూసినట్టు నటించేదాన్ని. ఆవిడకు తెలిసిపోయేది, నవ్వి ఊరుకునేది. అంత మొండిఘటాన్ని ఎలా భరించిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఎముకల రసం తీయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వేగిన ఎముకలు, క్యారట్, సెలరీ, బిర్యానీ ఆకు వేసి, మునిగేలా చన్నీళ్లు పోసి, సన్న సెగ మీద గంటల తరబడి ఉంచాలి. తెర్లనివ్వకూడదు. "తొందరపెడితే మబ్బుగా అయిపోద్ది. దాని మానాన దాన్ని వదిలెయ్," అనేది. పైన తేలిన తెట్టె తీస్తూ ఆ ఆవిరిలో నిలబడితే అసైన్‌మెంట్లు, స్టడీ పర్మిట్ గుబులు అన్నీ ఎక్కడికో తేలిపోయేవి. నాకు ఆ దేశంలో ఇల్లనిపించిన మొదటి చోటు ఆ కుండ పక్కనే.

రెండో ఏడు వేసవిలో ఆవిడకు కోవిడ్ వచ్చింది. కోలుకుని తిరిగొచ్చింది గానీ ఏదో తేడా. చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు అలా ఉండిపోయేది. అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు ఉదయం నేను వంటగది తలుపు తీయగానే మాడు వాసన గుప్పుమంది. ఓవెన్‌లోనే నల్లగా మాడిపోయిన ఎముకలు కుండలో ఉడుకుతున్నాయి. ఆంటీ మాత్రం ప్రశాంతంగా తెట్టె తీస్తోంది.

"ఆంటీ, మీకు వాసన వస్తలేదా?"

గరిటె ఆగిపోయింది. "రావట్లేదమ్మా. రుచీ తెలీట్లేదు. ఎవరికీ చెప్పలా. తెలిస్తే నన్ను పొయ్యి దగ్గర ఉంచరు, నాకు వచ్చిన పని ఇదొక్కటే." చెంచా చాచింది. "ఈసారి నిజంగా చూడు. ఎలా ఉందో చెప్పు."

మొదటిసారి నిజంగా చూశాను. చేదు. ఆవిడ కళ్లలోని ఆశ చూసి, "బాగుంది ఆంటీ," అన్నాను.

"నాలుక పోయింది గానీ కళ్లు పోలేదే. నువ్వూ అబద్ధం చెప్తే ఇంక నేనెవర్ని అడగాలి?"

సిగ్గుతో చచ్చిపోయాను. "చేదుగా ఉంది. పారబొయ్యాలె," అన్నాను.

ఆవిడ పొయ్యి ఆపేసింది. కాస్త చల్లారాక ఇద్దరం చెరో పక్క పట్టుకుని అంత పెద్ద కుండనూ వంచేశాం. ఫ్రిజ్‌లో మిగిలిన రెక్కలూ మెడలూ తీసి మళ్లీ మొదలుపెట్టాం. గంటకోసారి చెంచా నా చేతికి వచ్చేది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? విడమర్చి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ముందు ఉల్లిపాయ తీపి వస్తోందనీ, తరువాత వేయించిన వేరుశనగ లాంటి కమ్మదనం వస్తోందనీ, చివర్లో నాలుక అంచున మిరియం తగులుతోందనీ చెప్పాను. మర్నాడు వెన్నలో పిండి వేయించి ఆ రసం పోసి గ్రేవీ చేసినప్పుడూ అంతే. ఆవిడ కళ్లు మూసుకుని వినేది, ఉప్పు మరో చిటికెడు వేసేది.

ఆ మధ్యాహ్నం ముసలివాళ్లు పళ్లేలను బ్రెడ్డు ముక్కలతో తుడుచుకుని మరీ తిన్నారు. అందరిదీ అయ్యాక ఆంటీ చేతులు కడుక్కుని మేనేజర్ గది వైపు నడిచింది. నేను అడ్డం వెళ్లాను.

"ఎందుకాంటీ? నేనున్న కదా, ఎవరికీ తెల్వదు."

"నువ్వు నాకు నిజం చెప్పావు. వాళ్లకి నేను చెప్పొద్దూ?" అని లోపలికి వెళ్లింది.

ఆవిడ పొయ్యి వదిలేసింది. కొన్నాళ్లు మెనూలు రాసి, తరువాత వాంకూవర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వాసన తిరిగి రాలేదు. పొయ్యి నాకు అప్పగించినప్పుడు నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు.

అప్పటినుంచీ ‘బాగుంది’ అన్న మాట నా నోట అంత తేలిగ్గా రాదు. స్నేహితురాళ్లు విసుక్కుంటారు, మా ఆయన తన వంట గురించి అడిగి మరీ అలుగుతాడు. ఏం చేయను? ఎవరైనా చెంచా చాచి ఎలా ఉందని అడిగితే, ఆ మనిషికి నా నాలుక తప్ప వేరే దిక్కు లేదేమో అనిపిస్తుంది.