పిచ్చమ్మ పది కుదుళ్లు

మా పక్కింటి పిచ్చమ్మ పెద్దమ్మ మిరపకోతల్లో మహారాణి. ఆమె సాలు పట్టిందంటే మిగతా ఆడవాళ్లు ఆమె వీపు చూస్తూ నడవాల్సిందే. ముఠా ఆమెది, మాటా ఆమెదే.

అరవై ఏడులో సాగర్ నీళ్లు మా మెట్ట పొలాలకు వచ్చాయి. రైతు శివరామయ్య మిరపచేను మడి చేసి, పుట్టి బుద్ధెరిగాక వరినాటు చూడని మా ముఠానే పిలిచాడు. వరి వెనక్కి నడుస్తూ నాటాలి. పెద్దమ్మ అలవాటు కొద్దీ ముందుకు నడిచింది. నాటిన మొక్కనల్లా తనే తొక్కుకుంటూ దర్జాగా గట్టు దాకా వెళ్లి, తిరిగి చూసింది. మడిలో మొక్కల్లేవు, అడుగులున్నాయి.

"నీ వల్ల గాదులే పిచ్చమ్మా. వచ్చే ఏడు తెనాలి నుంచి ముఠాను పిలిపిస్తా" అన్నాడు శివరామయ్య.

ఆ మాటకు మనిషి కుంగిపోయింది. ఊరంతటికీ పని చెప్పిన నోరు "నాకిక చేతగాదు" అనడం నేర్చుకుంది. నాకైతే ఓదార్చాలనీ ఉండేది, నవ్వాలనీ ఉండేది.

కోడలు ఫిలోమినాది తెనాలి వైపు. చిన్నప్పటినుంచీ నాట్లేసిన పిల్ల.

"అత్తా, రోజుకు పది కుదుళ్లు నాటు. పదకొండోది వద్దు" అంది.

కోడలి దగ్గర పాఠమా అని పెద్దమ్మ రెండు రోజులు మూతి ముడిచింది. మూడో రోజు పొద్దున్నే నారుకు బదులు కాలవగట్టున తుంగ పీక్కొచ్చి, పెరటి బురదలో పది నాటింది. ఆరు తేలాయి. మర్నాడు అయిదు. వెనక్కి నడుస్తూ ఓసారి కోళ్లగంప మీద కూర్చుంది, ఓసారి గేదెను గుద్దుకుంది, రెంటినీ తిట్టింది. "ఇయాళ వద్దులేవే" అన్న రోజులు చాలానే ఉన్నాయి.

"పదే గదత్తా" అనేది ఫిలోమినా.

పదే కాబట్టి సాకు దొరికేది కాదు. జ్వరంలోనూ నాటింది, క్రిస్మస్ నాడూ నాటింది. ఎండాకాలం కుండతో నీళ్లు పోసి మరీ నాటింది.

మరుసటి ఏడు శివరామయ్య దగ్గరికి వెళ్లి, "ఒక్క మడి ఇయ్యయ్యా. చెడితే నా మొహం చూడమాక" అంది.

ఆయన ఒక మడి ఇచ్చాడు. వారం పది రోజులకు నారు మూన తిరిగి, వేళ్లూనుకుని పచ్చగా నిలబడింది. వరసలు కాస్త వంకరే, అబద్ధమెందుకు? శివరామయ్య గట్టు చుట్టూ తిరిగి చూసి, "రేపు నీ ముఠాను తీసుకురా" అన్నాడు.

పెద్దమ్మ తలూపి ఇంటికొచ్చేసింది.

"నువ్వు లేకపోతే పనికిరాని దాన్నయ్యి ఇంట్లో కూర్చునేదాన్నే" అంది కోడలితో.

"కూర్చుంటే పొద్దస్తమానం నన్ను తిట్టేదానివి. అందుకే నేర్పా."

పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కోడలి ముందు ఆమె ఏడవడం అదే మొదటిసారి.