వెలిగించని సీరీస్ బల్బు

పాతికేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండు మాటలు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాదాపూర్ గుట్టల్లో మొదటి పెద్ద భవనాలు లేస్తున్న రోజులవి. మూసాపేటలో నాకు రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేరు చేసే కొట్టు ఉండేది. క్రిస్మస్ ముందు చర్చి వాళ్లు ఇళ్లకు సున్నాలు వేయిస్తారు. సామాను జరిపేటప్పుడు సెట్ల వెనక స్పీకరు తీగలు తగిలించే క్లిప్పులు విరుగుతాయి. దేవయ్యగారు తన ఆంప్లిఫైయర్ తెచ్చింది అలాంటప్పుడే. ఆయన ఆ మాదాపూర్ భవనాల్లో ఒకదానిలో కరెంటు పనులకు సూపర్‌వైజర్. ఆయన తమ్ముడు రత్నం విరిగిన క్లిప్పులు పీకేసి తీగలు నేరుగా కలిపాడట; నమ్మకం చాలక ఈయన స్విచ్చి వేయనివ్వలేదు. పండగ కాగానే రత్నాన్ని తన దగ్గరే ఎలక్ట్రీషియన్‌గా పెట్టించాలని ఆయన ఆలోచన.

విప్పి చూశాను. రత్నం పని శుభ్రంగా ఉంది. ఎర్ర తీగకూ నల్ల తీగకూ దేనికది విడిగా టేపు చుట్టాడు. నేనైనా అంతకంటే బాగా చుట్టలేను. అదంతా ఊడదీసి కొత్త క్లిప్పులు వేశాను. వేసేటప్పుడు వెంట్రుకంత రాగి పోగు ఒకటి ఎర్రదాని నుంచి నల్లదాని మీదికి వంగి ఉండిపోవడం నేను గమనించలేదు. రిపేరు చేసిన ఏ సెట్టునైనా మేము ముందు సీరీస్ బల్బు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా సెట్టుకు వెళ్లేలా, పెట్టి చూస్తాం. ఎక్కడైనా తీగలు తగులుకుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఆ బల్బు నా కళ్లెదుటే వేలాడుతోంది. ఎందుకు పెట్టలేదు? తొందరా? పొగరా? ఇన్నేళ్లు తవ్వుకున్నా నాకే తెలియలేదు. నేరుగా ప్లగ్గు పెట్టి, పాట వేసి, వాల్యూమ్ తిప్పాను. పొగ వచ్చింది. కాలిపోయిన ట్రాన్సిస్టర్ల రకం కోఠి బజారులో కూడా దొరకలేదు.

అన్నదమ్ములిద్దరూ వచ్చారు. దేవయ్యగారు అడిగింది "ఏమైంది?" అని మాత్రమే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే ఎగబడి చెప్పాను.

"ముందు కలిపిన తీగలు తగులుకుని ఉన్నాయండీ. ప్లగ్గు పెట్టగానే కాలిపోయింది."

"అట్లెట్లయితదన్నా? దేనికది టేప్ చుట్టిన గద!" అన్నాడు రత్నం.

"టేపు చుడితే చాలదు తమ్ముడూ, చేతికి పని రావాలి" అన్నాను నేను.

దేవయ్యగారు తమ్ముడి వైపు చూడలేదు. "ఇంట్ల రెండు తీగలు కలపరానోన్ని గంత పెద్ద బిల్డింగుల ఎట్ల పెట్టియ్యాలె? ఎవరన్న సస్తే?" అన్నారు.

ఆయన్ను తప్పుపట్టలేను. నన్ను నమ్మారు, అంతే. అప్పుడే నిజం చెబితే నాకేం పోయేది? మంచి మెకానిక్ అన్న పేరు. ఆ పేరు మీద వచ్చిన చర్చి వాళ్ల సెట్లు కొట్టులో ఇంకా వరసగా ఉన్నాయి. పండగ తర్వాత చెబుదామనుకున్నాను. అప్పటికి ఆ పనిలో వేరేవాడు చేరాడు. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. అలా అనుకోవడం చాలా సులువు.

మొన్నామధ్య నానక్‌రామ్‌గూడలో ఒక టవరు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. రత్నం. జుట్టంతా నెరిసింది. తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు జెప్పిందే నిజమన్నా. గా పని నా చేతికి రాదు" అని నవ్వాడు.

మళ్లీ కరెంటు జోలికే పోలేదట. ఇంట్లో బల్బు పోతే పక్కింటివాళ్లను పిలుస్తాడట.

అప్పుడైనా చెప్పాలి కదా? టీ తాగాను. గ్లాసు కింద పెట్టి, వస్తానని లేచాను.

రత్నం చుట్టిన టేపులో ఏ లోపమూ లేదు. ఈ మాట వినాల్సింది అతనొక్కడే. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.