మూడు ముక్కల వెర్లన్

అమెరికాలోని బిలాక్సీ తీరంలో రోజూ మధ్యాహ్నం కాసినో బల్ల ముందు కూర్చునే వెర్లన్ లాడ్నర్‌ది రొయ్యల పడవ మీద అరిగిపోయిన ఒళ్ళు. వల తాళ్ళు కోసిన గీతలు అరచేతుల్లో ఇంకా తెల్లగా కనిపిస్తాయి. ఏ దేశంలోనైనా పేకాటంటే ఎదుటివాడి మొహం చదవడమే. ఈ మూడు ముక్కల ఆటలో మాత్రం పోటీ ముక్కలు పంచే పిల్లతోనే. ఆమె ముక్కలు ఆమెకే తెలియవు, ఇక మొహంలో చదవడానికేముంది? అందుకే వెర్లన్‌ది ఒకటే సూత్రం. రాణి, ఆరు, నాలుగు కంటే తక్కువొస్తే పడేయాలి. అంతో, అంతకు మించో వస్తే పందెం కట్టాలి. పక్కవాడు తటపటాయిస్తే, "పైకి చూస్తావేం నాయనా, ముక్కలు చేతిలో ఉంటే!" అని దెప్పుతాడు. ఏడాదిగా ఇంటి దారి మరిచిపోతున్నాడు, స్టవ్ మీద కాఫీ మాడ్చేస్తున్నాడు. బల్ల దగ్గర మాత్రం ఒక్క తప్పూ లేదు. "అక్కడ మీ నాన్న బాగానే ఉన్నాడే," అని భార్య ఎర్లీన్ కూతురికి ఫోన్లో చెప్పేది. ఆ ధైర్యం కోసమే రోజూ తీసుకొచ్చి పక్కన కూర్చునేది.

మొన్న వెర్లన్ ముక్కల అంచు ఎత్తి చాలాసేపు చూశాడు. "అమ్మాయ్, రాజు పెద్దా, రాణి పెద్దా?" అన్నాడు. ముక్కలు పంచే తువెట్ పకపకా నవ్వింది. "మీ ఇంటి సంగతా వెర్లన్ గారూ? పక్కనున్న రాణిగారినే అడగండి!" బల్లంతా ఘొల్లుమంది. వెర్లన్ వాళ్ళని చూసి తనూ కొంచెం నవ్వి, భార్య వైపు తిరిగి, జవాబు కోసం ఆగాడు. ఒకరి ముక్కల గురించి ఇంకొకరు సలహా చెప్పకూడదని అక్కడి నియమం. ఎర్లీన్ అతని మోకాలి మీద చెయ్యి వేసి, "రాజు," అంది మెల్లగా. తువెట్ నవ్వు ఆగిపోయింది. నియమం మాటెత్తకుండా, తల దించుకుని, అతను పందెం కట్టేదాకా అలాగే నిలబడింది.