రెండు తీగలు కలిపిన రోజు

మా చిన్నప్పుడు... కొల్లిపర దగ్గర మేం కౌలుకు చేసిన అరటితోటలో మోటారు తిరిగేది కాదు, మూలిగేది.

కరెంటు స్తంభం రోడ్డు మీద, బోరు తోట ఆ చివర. మధ్యలో వెదురు గెడల మీద సన్నటి తీగలు... అంత దూరం లాగేసరికి మోటారుకు అందే కరెంటు అంతంతమాత్రం. ఆ ఎండాకాలం కాలువ కూడా కట్టేశారు. గెలలు వేసిన చెట్లు ఆకులు వేలాడేసి నిలబడ్డాయి.

మా అక్క అప్పుడు తొమ్మిదో తరగతి. బళ్ళో విన్న పాఠం నాన్నకు చెప్పింది.

"తీగ పొడుగయ్యే కొద్దీ కరెంటుకి అడ్డు పెరుగుద్ది నాన్నా. లావుగా ఉంటే తగ్గుద్ది."

"ఇప్పటికిప్పుడు లావు తీగ ఎక్కడ తేనమ్మా?"

"దీని పక్కనే ఇంకోటి కలిపేస్తే? రెండు సన్నవి కలిస్తే ఒక లావుదే కదా!"

నాన్న లేచి, మెయిన్ ఆపేసి, ఇంట్లో తీగలన్నీ ఊడదీశాడు. పెదనాన్న గొడ్ల చావిడిలోవీ తెచ్చాడు. అమ్మ గూట్లోంచి కిరసనాయిలు బుడ్డి దించి తుడుచుకుంది.

ముక్కలన్నీ అతికి పాత తీగలకు జతగా లాగారు. స్విచ్ వేస్తే... మోటారు తిరిగింది! గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. నాన్న దోసిలితో పట్టి అక్క నెత్తిన పోశాడు. ఆయన అంతలా నవ్వడం మళ్ళీ చూడలేదు నేను.

మర్నాడు మధ్యాహ్నం ఒక అతుకు కాలి ఊడిపోయింది. భారమంతా మళ్ళీ పాత తీగ మీదే పడింది. కరెంటు చాలక, మేం ఆపడానికి పరిగెత్తేలోపే మోటారులోంచి పొగ... కాయిలు మాడిపోయింది.

తెనాలిలో బాగుచేయించి తెచ్చేసరికి చెట్లు నడుముకు విరిగి, పచ్చి గెలలతో సహా నేలమీద ఉన్నాయి.

"నేను చెప్పకపోతే బాగుండేది నాన్నా..." అక్క ఒకటే ఏడుపు.

"నువ్వు చెప్పింది తప్పు కాదమ్మా. అన్ని అతుకుల తీగ... అది మాత్రం ఎంతకని మోస్తుంది?"

ఆ మాట అక్క మనసుకు ఎక్కలేదు. నాన్న కౌలు వదిలేసి తెనాలిలో బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. మళ్ళీ చేలో కాలు పెట్టకుండానే పోయాడు. సైన్సంటే ప్రాణం పెట్టే అక్క పదితోనే చదువు చాలించింది.

ఇప్పుడు ఆ దారిన వెళితే ప్రతి తోటకీ లావుపాటి కేబుళ్ళు... సెల్‌ఫోన్ నొక్కితే తిరిగే మోటార్లు. బాపట్లలో ఉంటున్న అక్క మాత్రం, పిల్లలు సైన్సు పాఠం అడిగితే ఇప్పటికీ లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

తప్పు లేకపోయినా తనదే తప్పనుకుని బతుకుతున్న వాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉన్నారా... మీరేం చెప్పి ఓదారుస్తారు?