టీవీలో ఒరిగిన త్రాసు

అనకాపల్లిలో త్రాసులు బాగుచేసే సమీవుల్లా దేనినీ ఒక్కసారి చూసి నమ్మే మనిషి కాడు. పాలపొట్లం కొన్నా ఇంటికి తెచ్చి తూచేవాడు. జ్వరం నూటరెండు ఉందని డాక్టరు చెబితే, "అదే గొట్టం మీ నోట్లో ఓసారి పెట్టుకోండి, చూద్దాం" అన్నాడట. సంశయం మనస్సుకు పట్టిన చీడ అంటారు కొందరు. తర్కశాస్త్రం మాత్రం దానిని విచారణకు తొలిమెట్టుగా చెప్పింది. మెట్టు మీదే కూర్చుండిపోతే దోషం గాని, ఎక్కేవాడికి మెట్టు లేకపోతే ఎలా?

ముప్పైయేళ్ళుగా అతడు సరిచేసిన ప్రతి త్రాసు దండం మీదా ఉలితో చెక్కిన అతని పేరు ఉంది. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చి చాలాకాలమైనా, బెల్లం కొట్లలో కొందరు వర్తకులు పాత త్రాసును తీసెయ్యలేదు. కాటా అంకెను నమ్మని రైతు ఆ పేరును చూసి బెల్లం దిమ్మను పళ్ళెంలో పెట్టేవాడు. సమీవుల్లాకు ఉన్న ఆస్తి ఆ పేరే.

అంతటి అనుమానజీవికీ ఒక వ్యసనం ఉంది. ఆదివారం ఉదయం పదింటికి టీవీలో వచ్చే 'యంత్రాల లోగుట్టు' అనే కార్యక్రమం. వంతెన బరువు ఎక్కడికి పోతుంది, లిఫ్టు తాడు తెగితే ఏమవుతుంది మొదలైన సంగతులను అందులో ప్రయోగాలు చేసి చూపేవారు. పూజ చూడవచ్చిన భక్తుడిలా ముందే వచ్చి కూర్చునేవాడు. కూర్చున్నది మొదలు తప్పులు పట్టేవాడు.

"చూసేవా? కొలిచేటప్పుడు చెయ్యి చూపించలేదు. మధ్యలో కోసేసేడు."

"అంత నమ్మకం లేకపోతే ఎందుకు చూడ్డం, అబ్బా?" అనేది పాలిటెక్నిక్‌లో చదువుతున్న కూతురు అర్ఫా.

"నమ్మకం లేకే చూస్తున్నాను. నమ్మితే నిద్దరోదును కదా!"

ఆ కార్యక్రమం వారే త్రాసుల మీద ఒక భాగం తీయడానికి అనకాపల్లి వస్తున్నారని, బెల్లం వర్తకుడు దేవీప్రసాద్ కొట్టులోని త్రాసును ఎంచుకున్నారని తెలిసినప్పుడు సమీవుల్లా సంతోషం చెప్పనలవి కాలేదు. వారు వచ్చే ముందురోజు, గురువారం, ఆ త్రాసు ఇత్తడి పళ్ళేలు రెండింటినీ ఇంటికి తెచ్చాడు. చింతపండు, బూడిద పట్టించి తానే తోమాడు. ముఖం కనబడేదాకా తోమి సాయంత్రానికి కొట్టుకు పంపాడు.

శుక్రవారం మూడు గంటలకు వస్తామన్నవారు ఒంటిగంటకే వచ్చారు. అతడు నమాజు ముగించుకొని వచ్చేసరికి వారు పెట్టెలు సర్దుకుంటున్నారు. మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

రెండు వారాల తరువాత ప్రసారమైంది. తెరమీద దేవీప్రసాద్ కొట్టు, పూలదండ వేసిన త్రాసు. వ్యాఖ్యాత దండ తీయించాడు. ఖాళీ త్రాసు ఎడమకు ఒరిగి ఉంది. కాటా మీద సరిగ్గా పదికిలోలు తూగిన బెల్లాన్ని ఈ త్రాసులో వేస్తే నూటయాభై గ్రాములు తగ్గింది. కెమెరా మెల్లగా దండం మీదికి పోయి, చెక్కిన అక్షరాల మీద నిలిచింది. "ఈ పేరును నమ్మి ఎందరు రైతులు ఎంత నష్టపోయారో!" అన్నాడు వ్యాఖ్యాత.

మరునాడు రెండు కొట్లవాళ్ళు, వచ్చి నీ త్రాసు విప్పుకుపొమ్మని ఫోను చేశారు. దేవీప్రసాద్ తన త్రాసును అటకెక్కించాడు.

సమీవుల్లా ఫోనులో ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూడసాగాడు. వ్యాఖ్యాత ఎడమచేయి జేబులో ఎందుకుంది? పళ్ళెం కింద అయస్కాంతం ఉందా? నల్లదారం కట్టి లాగారా?

"ఇత్తడిని అయస్కాంతం లాగదు, అబ్బా," అంది అర్ఫా.

"తూకపురాళ్ళు ఇనపవే కదా!"

"ఖాళీగానే ఒరిగింది. అప్పటికి రాళ్ళు ఎక్కడున్నాయి?"

కూతురు కూడా వాళ్ళ పక్షమేనా అన్నట్టు చూశాడు.

తొమ్మిదోరోజున దేవీప్రసాద్ కబురుపెట్టాడు. వెళ్ళేసరికి కాగితం సిద్ధంగా ఉంది. టీవీవారు మోసపు పరికరంతో త్రాసును ఒరిగించి వర్తకుల పరువు తీశారని ఫిర్యాదు. కింద పన్నెండు మంది సంతకాలు చేయడానికి ఒప్పుకున్నారు.

"మొదటి సంతకం నీదే, సాయిబూ. పనితనం తెలిసినోడివి నువ్వే. అయస్కాంతం పెట్టేరని నువ్వంటే ఎదురెవడు చెప్తాడు?"

సమీవుల్లా కలం అందుకొని మళ్ళీ బల్లమీద పెట్టాడు. "ముందు త్రాసు చూస్తానండి."

"ఇన్నాళ్ళూ అయస్కాంతమన్నది నువ్వే కదా!"

"అనుకున్నాను. చూడలేదు."

కొట్టులో తూకం వేసే కాటాదారు సన్యాసిరావు ముందుగదిలో అటక మీదినుంచి త్రాసు దించాడు. ఆరోజు ఎలా కట్టావో అలాగే కట్టమన్నాడు సమీవుల్లా. సన్యాసిరావు కట్టాడు. చుట్టూ కెమెరా లేదు, వ్యాఖ్యాత లేడు, దారం లేదు. త్రాసు ఎడమకు ఒరిగింది.

ముల్లు చూశాడు, బాగుంది. దండం ఆనే అంచు చూశాడు, అరగలేదు. ఎడమ కొసన తాను బిగించిన ఇత్తడి రింగు అలాగే ఉంది. ఆ త్రాసు పళ్ళేలలో ఒకటి పుట్టుకతోనే రెండోదానికన్నా తేలిక. ఆ తేడాను సరిపెట్టడానికి వేసిన పాసంగమే ఆ రింగు. తేలిక పళ్ళెం ఆ పక్కనే ఉండాలి.

"ఏ పళ్ళెం ఎటో నీకెలా తెలుస్తాది, బావా?" అని అడిగాడు.

"నువ్వెట్టిన లక్క సుక్క ఉంటాది కదేటి, అడుగున? సుక్కున్నది ఎడంకి కడతాను. ఆయేల సూత్తే సుక్క నేదు. రెండూ అద్దాల్లాగ మెరిసిపోతన్నాయి. టీవీవోళ్ళు బేగి కట్టు, బేగి కట్టని మీదడిపోయేరు. ఏదైతేనేటని కట్టీసేను. ఒరిగితే పూలదండ బరువనుకున్నాను."

సమీవుల్లా పళ్ళేలు విప్పి, మార్చి కట్టాడు. ముల్లు కాసేపు ఊగి నడిమధ్యన నిలిచింది.

లక్క చుక్కను చెరిపినది చింతపండు. చింతపండు పట్టించిన చేయి తనది. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెస్తే భ్రమ తీరుతుంది. పదిమందినీ పిలిచి పాము పామని అరిచినవాడు, దీపం వచ్చాక ఆ పదిమందికీ ముఖం చూపవలసి ఉంటుంది.

సన్యాసిరావు గొంతు తగ్గించాడు. "బావా, సూసింది మనిద్దరమే. పళ్ళేలు ఇలాగే ఒగ్గీసి సంతకం ఎట్టీ. త్రాసు సరిగ్గానే తూగుతంది, టీవీవోడు దొంగోడని ఊరంతా నమ్ముతాది."

అది అబద్ధమని చెప్పడం కష్టం. త్రాసు నిజంగానే సరిగ్గా తూగుతోంది. ఒక్క సంతకంతో పోయిన పేరు తిరిగి వస్తుంది. సమీవుల్లా ముల్లును మరోసారి సరిచూశాడు. తరువాత దేవీప్రసాద్ కూర్చున్న గదిలోకి పోయి, తప్పు తనదేనని చెప్పాడు.

దేవీప్రసాద్ తేరిపార చూశాడు. "టీవీవోళ్ళు ఏమైనా ముట్టజెప్పేరా?"

"అయ్యా!"

"మరి నిన్నటిదాకా అయస్కాంతం, ఇయ్యేల చింతపండు! ఏది నమ్మమంటావు?"

అక్కడినుంచే కార్యక్రమం వారికి ఫోను చేశాడు. అటు మాట్లాడిన అమ్మాయి అంతా ఓపికగా విని, "మీ షాపు ఓనరు బలవంతంగా చెప్పిస్తున్నారా అండీ? భయపడకండి" అంది. అబద్ధం ఆడినన్నాళ్ళూ మనిషిని లోకం నమ్ముతుంది, నిజం చెప్పిననాడు సాక్ష్యం అడుగుతుంది. ఇది కలికాలపు ధర్మమో, ఏ కాలానికైనా ఇంతేనో చెప్పలేము.

సమీవుల్లా త్రాసును భుజాన వేసుకొని, దిమ్మలు దిగుతున్న ముంగిట్లోకి తెచ్చి అందరికీ కనబడేలా కట్టించాడు. చింతపండు సంగతి దాచకుండా చెప్పాడు. పళ్ళేలు తప్పుగా కట్టి చూపాడు, సరిగా కట్టి చూపాడు. జనం నిలబడి చూశారు గాని ఒక్కరూ తమ దిమ్మ తీసుకొని ముందుకు రాలేదు.

చివరకు కొండకర్లనుంచి బెల్లం తెచ్చిన పైడితల్లి అనే రైతు లేచింది. "నాది తూయి. ఇటోపాలి, అటోపాలి."

దిమ్మను కుడి పళ్ళెంలో, రాళ్ళను ఎడమదానిలో పెట్టి తూచాడు. పన్నెండుకిలోలు. తరువాత దిమ్మను ఎడమకు, రాళ్ళను కుడికి మార్చాడు. పన్నెండే.

పైడితల్లి కొంగు బిగించి దగ్గరకు వచ్చింది. పళ్ళెం అడుగు తడిమింది. అతని అరచేతులు చాపించి చూసింది. రాయిని ఎత్తి తిరగేసింది.

"త్రాసు సరే. మరి ఈ రాళ్ళు సరైనవని ఎవులు సెప్పేరు?"

జనంలో ఎవరో పకపక నవ్వారు. సన్యాసిరావు, "ఓలమ్మ, నీకంటే టీవీవోడే నయం" అన్నాడు.

సమీవుల్లా నవ్వలేదు. ఆమె చేతిలోని రాయిని రెండు చేతులా అందుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదమ్మా. సర్కారు ముద్ర వేసిన రాళ్ళు ఇంట్లో ఉన్నాయి. తెస్తాను. మీ దిమ్మ దించొద్దు. నేనొచ్చేదాకా ఈ త్రాసుని ఎవరినీ ముట్టనివ్వకండి, నన్నైనా సరే" అని సైకిలు తీశాడు.

పైడితల్లి త్రాసు పక్కన నేలమీద చతికిలబడి, ముల్లు మీద చూపు నిలిపి కాపలా కూర్చుంది.