గడ్డి పీకే మర్డో

మర్డో కిన్నెయిర్‌కి గడ్డి పీకే జబ్బు ఉండేది. గోల్ఫ్ బంతి కొట్టే ముందు గుప్పెడు గడ్డి గాలిలోకి వదిలి ఎటు పడుతుందో చూసేవాడు. ఆటగాళ్ళందరూ చేసే పనే. వాళ్ళు ఒకసారి చేస్తే మర్డో ఐదుసార్లు చేసేవాడు. అందులోనూ మిట్ట ఎక్కితే మరీను.

అతని సంచి మోసే ఎర్చీకి ఇది ప్రాణసంకటం. మర్డో తండ్రికి చిన్ననాటి నేస్తం ఎర్చీ, అరవై ఎనిమిదేళ్ళవాడు. స్కాట్లండ్‌లోని ఆ ఫైఫ్ తీరంలో ఏ ఇసుకదిబ్బ వెనక గాలి ఎలా తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"పడమటి గాలిరా! చెప్పానుగా!" అనేవాడు రొప్పుతూ.

"నువ్వు చెప్పావు బాబాయ్. గడ్డి కూడా చెప్పాలిగా."

"గడ్డికి నోరెక్కడిది?"

"అందుకే ఆలస్యమవుతోంది."

ఒకరోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. మర్డో వదిలిన గడ్డి తిన్నగా అతని బూట్ల మీదే రాలింది.

"గాలే లేదురా!"

"లేదని రూఢి కావాలిగా" అని ఇంకో గుప్పెడు పీకాడు.

వెనక జట్టులోంచి ఎవరో అరిచారు: "గొర్రెలకి కూడా కాస్త మిగల్చవయ్యా!"

పంతొమ్మిదేళ్ళ ఆటలో మర్డో పెద్ద కప్పు అందుకునేంత దగ్గరికి వచ్చింది ఒక్కసారే. ఆఖరి రోజు పదహారో హోల్ మిట్ట మీద ఉంది. అధికారి గడియారం చూపించాడు. "ఇంకా ఆలస్యం చేస్తే నీ లెక్కలో ఒక దెబ్బ కలుపుతాం." తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచే ఆట అది. మర్డో ఒకసారి ఎర్చీ వంక చూశాడు. వంగి గడ్డి పీకాడు.

ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఎర్చీ తొమ్మిది రోజులు అతనితో మాట్లాడలేదు.

మరుసటి వసంతానికి ఎర్చీ మోకాలు వాచింది. సంచి మొయ్యొద్దన్నాడు డాక్టరు. మర్డో తన బావమరిదిని పెట్టుకున్నాడు, ఎద్దులాంటి మనిషి. ఎర్చీ భార్య సెంగాతో కలిసి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. మర్డో మిట్ట ఎక్కాడు, కొట్టాడు, వెళ్ళిపోయాడు. ఇంకో మిట్ట. మళ్ళీ అంతే. పద్దెనిమిది హోళ్ళలో గడ్డి ముట్టుకున్నది ఒక్కసారి, గాలి నిజంగానే తిరిగినప్పుడు.

"వీడి జబ్బు కుదిరిందే సెంగా!"

"జబ్బు వాడిది కాదయ్యా, నీది. మిట్ట ఎక్కితే నీకు ఊపిరి అందదు. కాసేపు ఆగు బాబాయ్ అంటే నువ్వు ఊరుకుంటావా?"

ఎర్చీ టీవీ గొంతు తగ్గించాడు. "ఆ కప్పు పోయినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా. ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

ఎర్చీ ఫోను అందుకున్నాడు.

"ఒరే మర్డో, పదకొండో హోల్ దగ్గర గాలి చూసుకోకుండా కొట్టావు. బుద్ధుందా నీకు? ఆదివారం భోజనానికి రా, చెబుతాను నీ సంగతి!"